సుగంధమా, ఇంద్రనీలమా? – ఊదా స్ఫటికం పేరు, వర్ణం, విలువల చరిత్ర

తెలుగు బైబిలులో ఒకే రాయి రెండు చోట్ల రెండు పేర్లతో కనిపిస్తుంది. నిర్గమకాండము 28వ అధ్యాయంలో యాజకుడైన అహరోను రొమ్ముమీద ధరించవలసిన పతకంలో పన్నెండు రత్నాలను నాలుగు పంక్తులుగా పొదగాలన్న విధి ఉంది. మూడవ పంక్తిలోని మూడవ రాయిని హీబ్రూ మూలం 'అహ్లామా' అంటుంది. క్రీస్తుపూర్వపు గ్రీకు అనువాదంలో అది 'అమెథుస్టోస్' అయింది. విస్తృత ప్రచారంలో ఉన్న తెలుగు అనువాదంలో అదే స్థానంలో 'ఇంద్రనీలము' ఉంది. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయంలో నూతన యెరూషలేము ప్రాకారపు పన్నెండు పునాదులలో చివరిది కూడా 'అమెథుస్టోసే'. అక్కడ తెలుగు అనువాదం 'సుగంధము' అంటుంది. పునాదిరాయి సుగంధం ఎలా అయిందని పాఠకుడు ఒక్క క్షణం ఆగుతాడు.

దీనిని అనువాదకుల అజాగ్రత్తగా భావించి దాటివేయడం సులభం. కానీ ఆ రాతికి తెలుగులోగాని, తెలుగు రత్నపదజాలానికి ఆకరమైన సంస్కృతంలోగాని నిర్వివాదమైన పేరు ఒకటి ఉండి ఉంటే ఈ ద్వైధీభావానికి అవకాశమే లేదు. నేడు 'అమెథిస్ట్' అని, బజారు వ్యవహారంలో 'జమునియా' అని, 'కటేలా' అని వినిపించే ఈ ఊదారంగు రాయి భారతదేశానికి పరాయిది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోము రచయిత ప్లినీ ఈ జాతి రాళ్లలో భారతదేశపు వాటికి ప్రథమస్థానం ఇచ్చాడు. పరదేశపు పండితుడు అగ్రతాంబూలం ఇచ్చిన రాతికి స్వదేశపు రత్నశాస్త్రంలో సొంత పేరు ఎందుకు స్థిరపడలేదు? ఆ రాతి స్వభావం, అది భూమిలో రూపొందిన తీరు, ప్రాచీన వాణిజ్యం, రత్నపరీక్షా గ్రంథాల వర్గీకరణ పద్ధతి – ఈ నాలుగింటినీ కలిపి చూస్తే సమాధానం కొంతవరకు దొరుకుతుంది.

రాతి స్వభావం, వర్ణకారణం

అమెథిస్ట్ క్వార్ట్జ్ జాతి ఖనిజం. రసాయనికంగా సిలికాన్ డయాక్సైడ్. పొలాల గట్లమీద కనిపించే పలుగురాయి, జపమాలల్లోని తెల్లని స్ఫటికం, ఊదారంగు అమెథిస్ట్ – ఈ మూడింటిదీ ఒకే పదార్థం. మోస్ మానంలో కాఠిన్యం 7. సాపేక్ష సాంద్రత 2.65, వక్రీభవన గుణకం 1.544 నుంచి 1.553 వరకు. ఈ అంకెలు నిర్మల స్ఫటికానికి ఎంతో అమెథిస్ట్‌కూ అంతే. అంటే కొలతకు దొరికే ప్రధాన గుణాలన్నింటిలో ఇది స్ఫటికమే. తేడా కంటికి కనిపించే రంగులో మాత్రమే ఉంది. ఈ వ్యాసంలో చర్చించే పేర్ల చిక్కుకు బీజం ఇక్కడే ఉంది.

ఆ రంగుకు కారణం మాంగనీసు అని చాలాకాలం భావించారు. 1925లో ఎడ్వర్డ్ హోల్డెన్ అమెరికన్ మినరాలజిస్ట్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఇనుమువైపు దృష్టి మళ్లించింది. తరువాతి వర్ణపట పరిశీలనలు దానిని బలపరిచాయి. స్ఫటికపు అణునిర్మాణంలో సిలికాన్ ఉండవలసిన స్థానాలలో అక్కడక్కడ ఇనుము అయాన్లు చేరతాయి. ఆ పరిమాణం అత్యల్పం. అయితే ఇనుము ఉన్నంతమాత్రాన ఊదారంగు రాదు. చుట్టూ ఉన్న శిలల్లోని పొటాషియం–40 వంటి రేడియోధార్మిక మూలకాల నుంచి వెలువడే గామా కిరణాలు సుదీర్ఘకాలం తగిలినప్పుడు ఆ ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను కోల్పోతుంది. అప్పుడు ఏర్పడిన వర్ణకేంద్రం వెలుగులోని పసుపు, ఆకుపచ్చ భాగాలను ప్రధానంగా గ్రహిస్తుంది. మిగిలిన ఎరుపు, నీలాలు కలిసి కంటికి ఊదాగా తోస్తాయి. ఇనుము, కిరణప్రసారం – ఈ రెండూ కూడితేనే అమెథిస్ట్.

ఇలా వచ్చిన రంగు శాశ్వతం కాదు. సుమారు 400–500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే ఊదా పోయి చాలా రాళ్లు పసుపు, తేనె, గోధుమ వన్నెలకు మారతాయి. బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ రాష్ట్రపు మాంటెజూమా ప్రాంతం రాళ్లు కొన్ని లేత ఆకుపచ్చగా మారతాయి. వేడి మితిమీరకపోతే మళ్లీ కిరణప్రసారం చేసి పాత ఊదాను తిరిగి రప్పించవచ్చు. కొన్ని గనుల రాళ్లు ఎండలో ఎక్కువకాలం ఉంచినా వెలవెలబోతాయి. మొత్తం రాయి ఒకే వన్నెతో ఉండటమూ అరుదు. రంగు తరచుగా స్ఫటికపు కొనభాగంలో చిక్కగా, మొదట్లో పలుచగా, మధ్యలో చారలు చారలుగా ఉంటుంది. స్ఫటికంలో కుడి, ఎడమ నిర్మాణాలు పొరలుపొరలుగా అల్లుకొని ఉండటం దీని మరొక లక్షణం. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే డేవిడ్ బ్రూస్టర్ ధ్రువిత కాంతి సాయంతో ఈ అల్లికను పరిశీలించాడు. ఆనాడు కేవలం శాస్త్రకుతూహలంగా కనిపించిన ఆ పరిశీలన నేటి రత్న ప్రయోగశాలలకు ఎలా అక్కరకు వచ్చిందో వ్యాసం చివర తెలుస్తుంది.

అమెథిస్ట్ ప్రధానంగా రెండు తావులలో పుడుతుంది. ఒకటి, శిలల పగుళ్లలో వేడినీటి ద్రావణాలు ప్రవహించి ఏర్పడిన సిరలు. రెండవది, లావా చల్లారేటప్పుడు వాయువులు చిక్కుకొని మిగిలిన బుడగల ఖాళీలు. ఆ ఖాళీల గోడలను సిలికా నిండిన నీరు మొదట అకీకు పొరతో కప్పుతుంది. దానిమీద లోపలివైపు మొనలుగా స్ఫటికాలు పెరుగుతాయి. బయట మట్టిగడ్డలా ఉన్న గుండును పగులగొడితే లోపల ఊదా మొనల గుహ కనిపించేది ఇందువల్లనే. దక్షిణ బ్రెజిల్, ఉరుగ్వేలలో సుమారు 13 కోట్ల సంవత్సరాల నాటి లావా పొరల్లో ఇవి విస్తారంగా ఉన్నాయి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కను లావా పొరల్లోనూ, ముఖ్యంగా మహారాష్ట్రలో, ఇటువంటివి దొరుకుతాయి. ఆ లావా తెలంగాణలో ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాల వరకూ, విడి తునకగా రాజమహేంద్రవరం పరిసరాల వరకూ విస్తరించింది.

ఈజిప్టు గనులు

అమెథిస్ట్ కోసం రాజ్యం పూనుకొని గని తవ్వించిన తొలి సాక్ష్యాలు ఈజిప్టులో ఉన్నాయి. అస్వాన్‌కు ఆగ్నేయంగా సుమారు 35 కిలోమీటర్ల దూరాన ఎడారిలో ఉన్న వాది ఎల్-హుది మధ్యరాజ్య కాలపు గనుల కేంద్రం. 11వ వంశపు నాలుగవ మెంటుహోటెప్ కాలం నుంచి, ముఖ్యంగా 12వ వంశపు మొదటి సెనుస్రెట్ పాలనలో, అక్కడికి దండయాత్రల వంటి బృందాలు వెళ్లాయి. అధికారులు, సైనికులు, కూలీలు కలిసి వెళ్లిన ఆ ప్రయాణాల వివరాలను బండలమీద, శిలాఫలకాలమీద చెక్కించారు. అహ్మద్ ఫఖ్రీ 1952లో ఆ శాసనాలను ప్రకటించాడు. నీటి చుక్క లేని చోట కోట గోడలు కట్టుకొని, కాపలాల మధ్య తవ్వి తెచ్చిన రాయి అది. రాజకుమార్తెలు సిత్‌హాథోర్‌యునెత్, మెరెరెత్ సమాధులలో దొరికిన మొలనూళ్లలో బంగారు చిరుతతలల నడుమ గుచ్చిన ఊదా పూసలు ఆనాటి రాజకుటుంబపు అభిరుచికి ఆనవాళ్లు.

భాషాదృష్టితో మరొక సంగతి గమనించదగినది. ఈజిప్షియను భాషలో అమెథిస్ట్‌ను సూచించే 'హెస్‌మెన్' అనే మాట నేట్రాన్ అనే లవణానికీ, కంచుకూ కూడా ఉంది. మూడింటినీ వేరుచేసేది సందర్భమూ లిపిలోని నిర్దేశక చిహ్నమూ. అంత శ్రమపడి తెచ్చుకొన్న వారికి సైతం ఈ రాతికి ఒంటిగా చెల్లే పేరు లేదన్నమాట.

మెథు, మధు, ప్లినీ సాక్ష్యం

సొంత పేరు ఇచ్చినవారు గ్రీకులు. 'అమెథుస్టోస్' అంటే మత్తెక్కనిది, మత్తు కలిగించనిది. ఇందులోని 'మెథు' అంటే మద్యం. అది సంస్కృత 'మధు' శబ్దానికి జ్ఞాతిపదం. ముందున్న నిషేధార్థక 'అ' కూడా రెండు భాషలకూ ఉమ్మడి సొత్తే. తెలుగు పాఠకుడికి ఈ గ్రీకు మాటలోని రెండు ముక్కలూ పరిచితమైనవే కావడం చిన్న విశేషం కాదు. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర థియోఫ్రాస్టస్ తన శిలాగ్రంథంలో దీనిని ద్రాక్షామద్యపు వన్నె కలదిగా పేర్కొన్నాడు.

క్రీ.శ. 77 నాటికి పూర్తయిన ప్లినీ ప్రకృతి చరిత్ర 37వ సంపుటం రత్నాలకు సంబంధించినది. అందులో అమెథిస్ట్ ప్రస్తావన వివరమైనది, విమర్శతో కూడినది. భారతదేశపు రాళ్లు మొదటి శ్రేణివి. అరేబియా, చిన్న ఆర్మీనియా, ఈజిప్టు, గలాతియాల రాళ్లు తరువాతివి. థాసోస్, సైప్రస్ దీవులవి అధమం. శ్రేష్ఠమైన భారతీయ అమెథిస్ట్ రంగును అద్దకపువారు తమ ఊదా బట్టకు ఆదర్శంగా పెట్టుకొంటారని కూడా అంటాడు. సముద్రపు నత్తల నుంచి తీసే ఆ ఊదా అద్దకం రోములో అధికారానికి చిహ్నం. రత్నాన్ని చూసి రంగు అద్దుతున్నారంటే ఆనాటి రోములో ఈ రాతి స్థాయి ఎంతటిదో ఊహించవచ్చు. పేరుకు కారణం చెబుతూ, దాని వన్నె మద్యపు రంగుదాకా వెళ్లి అక్కడ చేరకుండా ఆగిపోతుందనే వివరణను ప్లినీ ప్రస్తావిస్తాడు. ఇది మత్తును నివారిస్తుందనే నమ్మకాన్ని మాత్రం మాంత్రికుల బూటకంగా కొట్టివేస్తాడు. నీలివైపు ఒరిగే ఒక రకాన్ని భారతీయులు 'సోకోండియోన్' అంటారని కూడా రాశాడు. వ్రాతప్రతులలో ఈ మాటకు పాఠభేదాలున్నాయి. అయినా భారతీయ వ్యాపారుల నోట ఈ రంగురాతికి ఒక వ్యవహారనామం ఉండేదని చెప్పే విలువైన సాక్ష్యం ఇది.

నేటి రత్న ప్రచార రచనల్లో అమెథిస్ట్ పేరు వచ్చిన ప్రతిచోటా ఒక 'గ్రీకు పురాణకథ' తోడుగా వస్తుంది. మద్యదేవుడు బాకస్ వెంటపడిన కన్య అమెథిస్ట్, ఆమెను రాయిగా మార్చి కాపాడిన డయానా, ఆ రాతిమీద బాకస్ ఒలికించిన ద్రాక్షరసం – ఇదీ కథ. ఇది గ్రీకుదీ కాదు, ప్రాచీనమూ కాదు. ఫ్రెంచి కవి రెమీ బెలో 1576లో ప్రకటించిన రత్నకావ్యంలో కల్పించినది. పేరులోని వ్యుత్పత్తి చుట్టూ కథ అల్లడం కవికి తగిన పనే. దానిని పురాణంగా ఉటంకించడం మాత్రం పరిశోధకుడికి తగదు. గ్రీకు, రోమను రచయితలు రాతిని వన్నెతో, గనితో, చెక్కడానికి అనువైన గుణంతో వివరించారు; కన్య కథతో కాదు.

భారతీయ భూమిక

ప్లినీ చెప్పిన భారతీయ అమెథిస్ట్ ఎక్కడిది? తమిళనాడులోని నొయ్యల్ నది ఒడ్డున ఉన్న కొడుమణల్ ఇందుకు ముఖ్యమైన ఆనవాలు. 1985 నుంచి పలు విడతలుగా జరిగిన తవ్వకాలలో అక్కడ పూసల పరిశ్రమ బయటపడింది. వైదూర్యజాతికి చెందిన బెరిల్, నీలం, అకీకు, స్ఫటికం, అమెథిస్ట్ – ముడిరాయిగా, సగం చెక్కినవిగా, రంధ్రం వేస్తుండగా విరిగినవిగా, పూర్తయిన పూసలుగా దొరికాయి. ఒక వస్తువు తయారైన చోటును నిర్ధారించడానికి పూర్తయిన పూసకన్నా విరిగిన పూసే గట్టి సాక్ష్యం. కొడుమణల్ పడమటి తీరపు ముజిరిస్ రేవునూ తూర్పు ప్రాంతాలనూ కలిపే మార్గంలో ఉంది. తూర్పుతీరంలో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులోనూ అమెథిస్ట్ పూసలు దొరికాయి.

దక్కనువైపు చూస్తే, ఎర్రసముద్ర పెరిప్లస్ పైఠాన్ నుంచి బండ్లమీద భరుకచ్ఛానికి వెళ్లే సరుకుల్లో గోమేదజాతి చారల రాయిని పేర్కొంటుంది. పైఠాన్ అంటే శాతవాహనుల ప్రతిష్ఠానం. చారల రాయి, అకీకు, అమెథిస్ట్ ఒకే లావా గుండ్ల సంతానం. పెరిప్లస్ అక్కడ అమెథిస్ట్ పేరెత్తలేదు కనుక అది కూడా ఆ బండ్లలో వెళ్లిందని చెప్పడానికి వీల్లేదు. అయితే చారల రాయిని ఏరుకొన్న చేతులకు ఊదా మొనలు తగలకుండా ఉండవని మాత్రం అనవచ్చు.

స్ఫటికజాతికి బౌద్ధ ధాతుగర్భాలలో ఉన్న స్థానం తెలుగువారికి దగ్గరి విషయం. 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపంలో వెలికితీసిన శాసనసహితమైన రాతి కరండాలలో స్ఫటిక భరిణెలు, ఆభరణాలు ఉన్నాయి. ఉత్తరాన పిప్రహ్వా స్తూపంలో 1898లో దొరికిన వందలాది చిన్న రత్నాలలో అమెథిస్ట్ కూడా ఉంది; ఆ నిధిలో విదేశంలో ఉండిపోయిన ఒక భాగం 2025లో భారతదేశానికి తిరిగి వచ్చింది. అంటే మౌర్యుల నుంచి శాతవాహనుల వరకు ఈ రాయి ఇక్కడ గని నుంచి వచ్చింది, చెక్కబడింది, పూజలో చేరింది, ఎగుమతి అయింది. లేనిది శాస్త్రంలో సొంత పేరు.

పద్మరాగ కుటుంబంలో ఒక అతిథి

కౌటిల్యుని అర్థశాస్త్రంలోని కోశప్రవేశ్య రత్నపరీక్షాధ్యాయం మణుల జాబితాలో సౌగంధికాన్ని పద్మరాగంతో పాటు ఎర్రని మణుల వరుసలో చెబుతుంది. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో రచించిన బృహత్సంహితలోని పద్మరాగ పరీక్షాధ్యాయం మరింత ఆసక్తికరం. అతని ప్రకారం పద్మరాగాలు మూడింటి నుంచి పుడతాయి: సౌగంధికం, కురువిందం, స్ఫటికం. సౌగంధికజాతాలు తుమ్మెద, కాటుక, తామర, నేరేడు రసం – వీటి కాంతి కలవి. కురువిందజాతాలు మిశ్రవర్ణాలు, మందకాంతులు, ధాతుమలినాలు. స్ఫటికజాతాలు కాంతిమంతాలు, నానావర్ణాలు, స్వచ్ఛాలు.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. మొదటిది, స్ఫటికం నుంచి పుట్టిన రంగురాయికి పద్మరాగ కుటుంబంలో చోటుంది. నేటి ఖనిజశాస్త్రం స్ఫటికాన్నీ కెంపునూ పూర్తిగా వేరుచేస్తుంది. ఒకటి సిలికా, మరొకటి అల్యూమినా; ఒకదాని కాఠిన్యం 7, మరొకదానిది 9. వరాహమిహిరుని వర్గీకరణకు ఆధారం పదార్థం కాదు, వర్ణకాంతులు. కాంతిమంతమై, స్వచ్ఛమై, రంగులీనే స్ఫటికం పద్మరాగం పంచన చేరగలదు. రెండవది, సౌగంధికజాతికి చెప్పిన ఉపమానాల్లో నేరేడు రసం ఉండటం. హిందీ బజారులో అమెథిస్ట్‌కు వచ్చిన 'జమునియా' అనే పేరు కూడా నేరేడుపండు నుంచి వచ్చినదే.

ఈ పోలిక ఆధారంగా సౌగంధికమే అమెథిస్ట్ అని తేల్చడం తొందరపాటు. సింహళపు గనుల్లో ఊదా ఛాయ కలిగిన కురువిందజాతి రాళ్లు దొరుకుతాయి. నేరేడు రసపు కాంతి వాటికీ సరిపోతుంది. పైగా అమరకోశం సౌగంధికాన్ని కల్హారమనే నీటిపువ్వుకు పర్యాయంగా చెబుతుంది. ద్రౌపది కోరగా భీముడు తెచ్చిన సౌగంధికం పువ్వే కదా. పువ్వు వన్నెను బట్టి మణికి పేరు వచ్చిందనుకోవడమే సహజం. కాబట్టి అనదగినది ఇంతే: ఊదారంగు రాళ్లు, స్ఫటికజాతివైనా కురువిందజాతివైనా, రత్నశాస్త్రంలో ఎర్రని రాళ్ల కుటుంబపు అంచున నిలిచాయి. అమెథిస్ట్‌ను శాస్త్రం ఎరుగకపోవడం కాదు. ఎరిగిన చోట వేరొక పేరు కింద సర్దింది.

మరి కొత్త పేర్లను చేర్చుకోవడానికి రత్నశాస్త్రానికి అభ్యంతరం ఉందా? లేదు. ఢిల్లీలో అలాఉద్దీన్ ఖిల్జీ కోశాగారంతో సంబంధమున్న ఠక్కుర ఫేరు 1315లో ప్రాకృతంలో రచించిన రయణపరిక్ఖలో లాల్, అకీకు, పిరోజా అనే పారశీక రత్నాలకు స్థానం ఉంది. ఆ గ్రంథాన్ని 1984లో ఆంగ్లానువాదంతో ప్రకటించినవారు శ్రీరాముల రాజేశ్వరశర్మ. బయటి నుంచి వచ్చిన సరుకు తన పేరును తానే మోసుకొని వస్తుంది. ఇంట పుట్టిన రాయికి ఆ అవసరం కలగలేదు.

తెలుగు వర్ణపదజాలాన్ని చూసినా ఇదే తోస్తుంది. నవరత్నాలకు తెలుగులో వ్యవహరించే పేర్లలో కెంపు, పచ్చ, నీలం అనేవి మొదట రంగుల పేర్లు. తరువాత రాళ్ల పేర్లు. ఎరుపుకు, పచ్చదనానికి ఉన్నట్టు ఊదాకు తెలుగులో మొదటి నుంచి స్వతంత్ర నామం లేదు. 'ఊదా' ఉర్దూ ద్వారా వచ్చి చేరిన మాట. పల్లెవాడుకలో అది నేరేడు రంగు, వంగపండు రంగు. రంగే రాతికి పేరయ్యే భాషలో రంగుకే పేరు లేనప్పుడు రాయి అటు కెంపు పక్కకో ఇటు నీలం పక్కకో ఒరగక తప్పదు.

బైబిలు అనువాదంలోని ద్వైధీభావానికి ఇదే కీలకమనిపిస్తుంది. ఎరుపు, నీలాల నడుమ ఉన్న వన్నెను ఒకచోట నీలం వైపు లాగి 'ఇంద్రనీలము' అన్నారు. మరొకచోట సౌగంధికానికి ఛాయ అయిన 'సుగంధము'ను ఎంచి ఎర్రమణుల వైపు నిలిపారు. రెండవ ఎంపిక వెనుక రత్నశాస్త్ర పరిచయం ఉందని ఊహించవచ్చు. సౌగంధికం అనే పూర్తిరూపాన్ని వాడి ఉంటే పాఠకుడికి పరిమళపు భ్రాంతి కలిగేది కాదు. అయినా రెండింటిలో 'సుగంధమే' మెరుగైన అనువాదం. ఇంద్రనీలమనగానే నవరత్నాలలో ఒకటైన వేరొక ఖనిజం నిశ్చితంగా స్ఫురిస్తుంది.

విలువ పతనం

ఐరోపాలో ఈ రాతికి పేరు స్థిరంగా ఉన్నా అర్థం మాత్రం మారుతూ వచ్చింది. పారిస్‌లోని ఫ్రెంచి జాతీయ గ్రంథాలయపు పతకాల విభాగంలో రోమను చక్రవర్తి కారకల్లా ముఖం చెక్కిన అమెథిస్ట్ ఒకటి ఉంది. బైజాంటియం కాలంలో దాని పక్కన శిలువ, పేతురు పేరు చేర్చడంతో అదే ముఖం పునీత పేతురుది అయింది. తమ్ముణ్ణి చంపించిన చక్రవర్తి ఇలా అపొస్తలుడైనాడు. ఆ రాయి తరువాత పారిస్‌లోని సెంత్ షపెల్ నిధిలో పూజనీయ వస్తువుగా నిలిచింది. బిషప్పుల ఉంగరాలలో అమెథిస్ట్ పొదిగే ఆచారం కూడా దీర్ఘకాలం సాగింది. వజ్రం, కెంపు, నీలం, పచ్చలతో సమానంగా అయిదు ముఖ్యరత్నాలలో ఒకటిగా దీనిని లెక్కించేవారు. 18వ శతాబ్దంలో రష్యా దర్బారుకు ఉరాల్ పర్వతాల ముర్జింకా ప్రాంతపు రాళ్లు ప్రీతిపాత్రమయ్యాయి.

19వ శతాబ్దంలో దక్షిణ బ్రెజిల్‌కు వలసవెళ్లిన జర్మనులు రియో గ్రాందె దొ సుల్‌లో అకీకు, అమెథిస్ట్ గుండ్లను గుర్తించారు. వారిలో కొందరు జర్మనీలోని ఈడార్ వారు. ఆ ఊరు అకీకు సానపట్టడంలో శతాబ్దాల పేరున్నది. స్థానిక గనులు తరిగి పని సన్నగిల్లిన దశలో ఉంది. 1834 నుంచి బ్రెజిల్ అకీకు ఈడార్‌కు ఓడలలో రావడం మొదలైంది. అమెథిస్టూ ఆ దారినే వచ్చింది. ఒకప్పుడు రాజుల వేళ్లకే పరిమితమైన రాయి మధ్యతరగతి నగ అయింది. మిగిలిన నాలుగు ముఖ్యరత్నాల ధర నిలిచింది, దీనిది మాత్రం కూలింది. రాతిలో ఏ గుణమూ తగ్గలేదు. అదే కాఠిన్యం, అదే వన్నె. మారింది లభ్యత ఒక్కటే.

కొలిమిలో గ్రహం మారిన రాయి

బ్రెజిల్ అమెథిస్ట్‌ను వేడిచేసి పసుపురాయిగా మార్చే విద్య కూడా ఈ కాలంలోనే వాణిజ్యమైంది. క్వార్ట్జ్ జాతిలో పసుపురంగు దానిని సిట్రిన్ అంటారు. సహజమైన సిట్రిన్ అరుదు. బజారులో ఆ పేరుతో అమ్ముడయ్యే దానిలో అధికభాగం కాల్చిన అమెథిస్టే. దానిని 'మదీరా టోపాజ్' వంటి పేర్లతో అమ్మడం ఐరోపాలో మొదలైంది. భారతదేశంలో అది 'గోల్డెన్ టోపాజ్', 'సునేలా' అయింది.

నేడు తెలుగునాట నగల దుకాణాల్లోనూ జాతకాలు చూసేచోట్లా అమెథిస్ట్‌ను నీలానికి ప్రత్యామ్నాయమైన ఉపరత్నంగా, శనిగ్రహానికి చెందినదిగా చెబుతారు. సునేలాను పుష్యరాగానికి ప్రత్యామ్నాయంగా, గురుగ్రహానికి చెందినదిగా చెబుతారు. ఆ విభజనను అంగీకరిస్తే ఒక చిత్రమైన పరిణామం ఎదురవుతుంది. శని రాయిని కొలిమిలో పెట్టి కొద్దిగంటలు కాలిస్తే గురువు రాయి బయటికి వస్తుంది. లోపలి పదార్థం మారలేదు, ఇనుము ఎక్కడికీ పోలేదు. దాని ఎలక్ట్రాన్ల స్థితి మారింది, అంతే. వైక్రాంతం, సూర్యకాంతం, చంద్రకాంతం, రాజావర్తం మొదలైనవాటిని చెప్పే రసశాస్త్ర గ్రంథాల ఉపరత్న పట్టికలతో ఈ బజారు పట్టికను పోల్చి చూస్తే రెండింటి మధ్య దూరం తెలుస్తుంది. ఆధునిక వ్యాపార విభజనకు ప్రాచీనత్వాన్ని అంటగట్టడం బెలో కథను గ్రీకు పురాణం అనడం వంటిదే. పాశ్చాత్యుల 'పుట్టిన నెల రాయి' పట్టికలో ఫిబ్రవరికి అమెథిస్ట్‌ను స్థిరపరచినదీ శాస్త్రం కాదు. 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం చేసిన నిర్ణయం.

అయితే బజారును పూర్తిగా తప్పుపట్టడమూ న్యాయం కాదు. రంగును బట్టి రాతికి కులం నిర్ణయించే పద్ధతి వరాహమిహిరుని నాటిది. కొనేవాడి కన్ను నేటికీ ఆ పద్ధతిలోనే నడుస్తోంది. తేడా ఏమంటే, వరాహమిహిరుడు స్ఫటికజాత పద్మరాగాన్ని స్ఫటికజాతమనే చెప్పాడు. నేటి దుకాణపు రసీదు మీద 'టోపాజ్' అని మాత్రమే ఉంటుంది. టోపాజ్ వేరే ఖనిజం. వినియోగదారుడికి జరిగే నష్టం ఈ ఒక్క మాటలో ఉంది.

1970లలో సోవియట్ దేశంలో కృత్రిమ అమెథిస్ట్ వాణిజ్య స్థాయికి చేరడంతో చిక్కు మరో మెట్టు ఎక్కింది. పీడనపాత్రలో వేడి ద్రావణం నుంచి క్వార్ట్జ్‌ను పెంచి, అందులో ఇనుము చేర్చి, తరువాత గామా కిరణాలకు గురిచేస్తారు. భూమి లక్షల ఏళ్లలో చేసే పని కొద్దివారాల్లో ముగుస్తుంది. రసాయనం, కాఠిన్యం, సాంద్రత, వక్రీభవనం అన్నీ సహజమైనదానితో సమానం కాబట్టి సాధారణ పరీక్షలు రెండింటినీ వేరుచేయలేవు. ఇక్కడే బ్రూస్టర్ చూసిన కుడి–ఎడమ అల్లిక పనికివస్తుంది. సహజ అమెథిస్ట్‌లో తరచుగా కనిపించే ఆ పొరలు కృత్రిమ స్ఫటికంలో సాధారణంగా ఉండవు. అయితే కొన్ని కృత్రిమ రాళ్లలోనూ అటువంటి అల్లిక కనిపించినందువల్ల పరారుణ వర్ణపట పరీక్షను కూడా జోడించి ప్రయోగశాలలు ధ్రువపత్రం ఇస్తున్నాయి. ఆ ధ్రువపత్రంలో రాతి పేరు రాసే గడిలో మొదట 'క్వార్ట్జ్' అనీ, దాని పక్కన రకం పేరుగా 'అమెథిస్ట్' అనీ ఉంటుంది.